మందుబిళ్ళతో తీరని బాకీ

మానసిక చికిత్స పొందుట ప్రతి మనిషి హక్కని 2017 నాటి చట్టము ఉద్ఘోషించినను, అరకు కొండలలో విషాదరోగముతో క్రుంగినవాడు మందు మొదలిడినంతనే స్వస్థుడైనట్లు మనము లెక్క వ్రాసికొనుచున్నాము. ఆ మందు గుణమిచ్చుటకే రెండు మొదలు నాలుగు వారములు పట్టును. తేఱుకొనిన పిదపను కనీసము ఆఱు నెలలు మ్రింగవలయును. ఇంతలో బిళ్ళలు నిండుకొనగా, కాఫీపండ్లు కోసెడి కూలి వదలుకొని, జీపువానికి చార్జీ పోసి, ఘాటురోడ్డు దిగి నూఱు కిలోమీటర్లకు పైబడిన విశాఖకు పోవలసివచ్చిన నిర్భాగ్యుడు నడుమనే చికిత్స మానినచో, దానిని అతని అజ్ఞానమనుట అన్యాయము.

నిద్ర పట్టుచున్నదా యని అడిగి సరిపుచ్చు వైద్యునకు, పాపము, తీరిక తక్కువ. కాని శుక్రవారపు సంతలో రోగి తానై బేరమాడెనా, థింసా నాట్యపు వరుసలో పొరుగువారితో అడుగు కలిపెనా, బిడ్డ పిలిచిన పలికెనా యనునవియే అతని జీవనమునకు కొలతలు. వీనిని ఆ కొండవారి భాషలైన కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో అడుగువారు కావలయును. తెలుగు ప్రశ్నకు మర్యాదకై తలయూపుట స్వస్థత కానేరదు.

ప్రభుత్వము బిళ్ళలను గూడెపు ఆశా కార్యకర్త చేతికందించి, రోగిని పలుకరించు పనిని అతని భాష మనిషికి అప్పగింపవలయును. 2022లో వెలసిన టెలీ-మానస్ అను మానసిక సహాయపు ఉచిత ఫోను సంఖ్య 14416ను ఈలోగా ప్రతి సంతలోను బోర్డు కట్టి చూపవలయును.