కీబోర్డు పలకలేదని కంప్యూటర్ని తూకానికి వేస్తామా?



మన ఆఫీసు కంప్యూటర్లో కీబోర్డు పనిచేయడం లేదని, దాన్ని పాత సామాన్ల అంగడికి వేసేసి కొత్తది కొందామని గ్రూపులో మాట వచ్చింది. నేను దీనికి ఒప్పుకోను. కొత్తది కొనొద్దని కాదు. పాతదాన్ని సరిగ్గా చూడకుండా, లోపల ఉండేది బయటికి తీయకుండా పంపొద్దు అంటున్నాను.

మా రైల్వేలో బండి కదలకపోతే సిగ్నల్ చూస్తారు, బ్రేకు చూస్తారు. ఇంజన్ని ఎవరూ తూకానికి వేయరు. ఇక్కడా అంతే. తేలికైనదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాల.

మొదట మౌస్ కదిలించండి. అదీ కదలకపోతే మెషినే నిలిచిపోయిందని అర్థం, ఆఫ్ చేసి ఆన్ చేయాల. మౌస్ కదిలితే నమ్ లాక్ నొక్కండి. చిన్న లైటు వెలిగి ఆరుతుంటే కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మాటలు నడుస్తున్నట్టే, తప్పు సెట్టింగులో ఉండొచ్చు. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకండ్లు నొక్కిపెడితే ఫిల్టర్ కీస్ కావాలా అని అడుగుతుంది. ఎవరో చూసుకోకుండా సరే అని ఉంటారు. ఆ తర్వాత మామూలుగా తట్టితే అక్షరం పడదు, నొక్కి పట్టుకుంటేనే పడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని తీసేస్తే సరి.

లైటే వెలగకపోతే వైరు చూడాల. మనది గుండ్రటి పిన్ను కీబోర్డు. వెనక ఊదారంగుది కీబోర్డుకు, పచ్చది మౌస్‌కు. రెండూ ఒకే మాదిరి ఉంటాయి కాబట్టి దుమ్ము తుడిచినవాళ్ళు మార్చి పెట్టడం మామూలే. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా ఈ పిన్ను పెడితే చాలాసార్లు గుర్తుపట్టదు. ఆఫ్ చేసి, పిన్ను వంగలేదని చూసి, పెట్టి, అప్పుడు ఆన్ చేయాల.

అప్పటికీ కాకపోతే ఎవరింట్లోనుంచైనా వేరే కీబోర్డు తెచ్చి పెట్టండి. అది పనిచేస్తే కొన్ని వందల రూపాయలతో పని ముగుస్తుంది. యూఎస్‌బీది పెడితే ఒక సంగతి: పాత బోర్డుల్లో బయోస్‌లో దానికి అనుమతి ఉండాల. బోర్డుమీది బిళ్ళలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే ఆ సెట్టింగులు చెరిగిపోతాయి. అప్పుడు 'కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కండి' అని తెరమీద రావచ్చు. లేని కీబోర్డులో ఎఫ్1 ఎక్కడ నొక్కేది స్వామీ!

ఇవేవీ కుదరకపోయినా మౌస్ ఉంటే చాలు. విండోస్ 7లో పాస్‌వర్డు అడిగేచోట ఎడమవైపు కింద ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే తెరమీదే కీబోర్డు తెచ్చుకోవచ్చు. దానితో లోపలికి పోయి ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీయొచ్చు.

నా బాధంతా ఆ ఫైళ్ళ గురించే. సభ్యుల జాబితా, పిల్లల తెలుగు తరగతి పాఠాలు అన్నీ అందులోనే ఉన్నాయి. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తెలుగుకు చోటు ఇంకా తగ్గింది. తమిళ మీడియంలో చదివిన నాలాంటివాళ్ళకు ఇంట్లో తెలుగు మాట ఉండేది, చేతిలో అక్షరం ఉండేది కాదు. ఈ పిల్లలకు ఆ గతి రాకూడదు. పైగా ఆ పాఠాలు అను ఫాంట్లలో కొట్టినవి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనబడతాయి. కాబట్టి ఫైళ్ళను పీడీఎఫ్‌గా కూడా మార్చి పెట్టుకోవాల.

పాత విండోస్ ప్రమాదం కదా అని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. నిజమే. విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. దానికి నెట్ కలపొద్దు, బ్యాంకు పని అందులో వద్దు. టైపు కొట్టడానికి, ప్రింటు తీయడానికి అది చాలు.

కమిటీకి నా మనవి ఒకటే. ఇద్దరు కుర్రవాళ్ళను కూర్చోబెట్టి పైన చెప్పిన వరసలో చూడమనండి. ఫైళ్ళు రెండుచోట్ల కాపీ చేయించండి. తర్వాత కొత్తది కొన్నా నేను అడ్డు చెప్పను. కానీ పాతది బయటికి పోయేరోజు హార్డ్‌డిస్క్ తీసి మన బీరువాలో పెట్టండి. మన ఇళ్ళ అడ్రసులు, ఫోన్ నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి, మరవొద్దు.