సర్వర్ డౌనంట! ఎవరు దించారు?

మన రాష్ట్రంలో చదువుకోనివాళ్ళకి కూడా నోరు తిరిగిన ఇంగ్లీషు ముక్క ఏదైనా ఉందంటే అది "సర్వర్ డౌన్". రేషన్ షాపు ముందు సంచీ పట్టుకున్న మామ్మగారు, రిజిస్ట్రార్ ఆఫీసు ముందు స్టాంపు పేపర్లతో నిలబడ్డ రైతు... ఎవర్నడిగినా అదే మాట. "ఏమైందండీ?" "సర్వర్ డౌనంట." అంతే, ఇక అడగడానికేం ఉండదు. వానొచ్చింది, గాలొచ్చింది అన్నట్టు, సర్వర్ పడింది!

జనం అలా అనుకోవడంలో తప్పేం లేదు. వాళ్ళకి మనం చూపించిన మెసేజ్ అదే కదా. నా గోల అంతా మన గురించే. ఈ అప్లికేషన్లు రాసి, డిప్లాయ్ చేసి, అర్ధరాత్రి సపోర్ట్ కాల్‌లో కూర్చునే మనం కూడా అదే మాటని కాస్త స్టైలుగా అంటున్నాం. "డీబీ ఇష్యూ, రీస్టార్ట్ చేశాం, నౌ వర్కింగ్ ఫైన్." టికెట్ క్లోజ్.

దీన్ని ట్రబుల్‌షూటింగ్ అనరండీ. దిష్టి తియ్యడం అంటారు.

డేటాబేస్‌కి కనెక్షన్ దొరకలేదు అన్నది ఒక జబ్బు కాదు. జ్వరం లాంటిది, వెనకాల సవాలక్ష కారణాలు. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే సాధారణంగా అవతలి మెషీన్ బతికే ఉంది, ఆ పోర్టులో వినేవాడు లేడని. 'టైమౌట్' అంటే పంపిన ప్యాకెట్‌కి జవాబే లేదు, ఫైర్‌వాల్ దగ్గరో దారిలోనో ఆగిపోయి ఉంటుంది. 'అన్‌నోన్ హోస్ట్' అంటే పేరే తప్పు, లేకపోతే డీఎన్ఎస్ గొడవ. 'యాక్సెస్ డినైడ్' అంటే ఎవరో పాస్‌వర్డ్ మార్చి కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చడం మర్చిపోయారు. 'టూ మెనీ కనెక్షన్స్' అంటే డేటాబేస్ దుక్కలా ఉంది, సీట్లన్నీ నిండాయంతే. ఇన్ని రకాల ఎర్రర్లు ఇంత వివరంగా చెబుతుంటే, వాటన్నిటినీ ఒకే క్యాచ్ బ్లాకులో మింగేసి 'సంథింగ్ వెంట్ రాంగ్' అని ముద్ర వేసేది ఎవరు? మనమే!

ఇంకో తమాషా ఉంది. జావా వాళ్ళు వాడే హికారి పూల్‌లో ఒక రిక్వెస్టు 30 సెకన్లు ఎదురుచూసి, "కనెక్షన్ అవైలబుల్‌గా లేదు" అని ఎర్రర్ కొడుతుంది. చాలాసార్లు ఆ టైములో డేటాబేస్ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ ఉంటుంది. గొడవంతా మన అప్లికేషన్ లోపలే. కానీ మెయిల్ మాత్రం డీబీఏకి వెళ్తుంది, ఎస్కలేషన్‌తో సహా. పుండొకచోట, మందొకచోట.

మాది చల్లపల్లి వైపు. అక్కడ కాలవ కింద వ్యవసాయం చేసే ఎవరికైనా ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, 1957 నుంచి డెల్టాకి నీళ్ళిస్తోంది. బ్యారేజీ దగ్గర నీళ్ళు నిండా ఉన్నా, కింద శివారు చేలు ఎండే రోజులుంటాయి. ఒక కారణం, పైన ఎవరో తన వంతు అయ్యాక తూము మూయకపోవడం. అప్పుడు లస్కరు ఏం చేస్తాడు? గట్టెమ్మట నడుచుకుంటూ పోయి ఏ తూము తెరిచుందో చూసి మూయిస్తాడు. అంతేగానీ, "బ్యారేజీ గేట్లన్నీ ఒకసారి దించి మళ్ళీ ఎత్తండి, సర్దుకుంటుంది" అనడు. అంటే రైతులు ఊరుకుంటారా?

మనం చేసేది అచ్చంగా అదే. ఎక్కడో ఒక రిపోర్టు స్క్రీన్‌లో ఎక్సెప్షన్ వచ్చినప్పుడు కనెక్షన్ క్లోజ్ అవ్వదు. హికారి పూల్ డిఫాల్ట్ సైజు 10. అలాంటి ఎక్సెప్షన్లు పది వచ్చాయా, పదకొండో వాడికి నీళ్ళు లేవు. రీస్టార్ట్ చేస్తే పట్టుకున్న కనెక్షన్లన్నీ వదిలేస్తుంది కాబట్టి పని చేసినట్టే ఉంటుంది. లీక్ మాత్రం అలాగే ఉంటుంది. జావా 7లో, అంటే 2011లోనే, తూము తనంతట తనే మూసుకునే 'ట్రై విత్ రిసోర్సెస్' వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా రోజూ రాత్రి 2 గంటలకి రీస్టార్ట్ చెయ్యడానికి క్రాన్ జాబ్ పెట్టి, దానికి 'ప్రివెంటివ్ మెయింటెనెన్స్' అని పేరు పెట్టిన ప్రాజెక్టుని నేను కళ్ళారా చూశాను.

రీస్టార్ట్ తర్వాత మనకి తెలిసిన రెండో మంత్రం, నంబర్ పెంచడం. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. నాలుగు యాప్ సర్వర్లు, ఒక్కోదానికి పూల్ 30 అంటే 120. ఇది మూడో తరగతి లెక్క. 100లో 120 పట్టవని ప్రొడక్షన్‌లోకి వెళ్ళాకే తెలియాలా? డిప్లాయ్‌మెంట్ టైములో పాత ఇన్‌స్టెన్సులూ కొత్తవీ కాసేపు కలిసి నడుస్తాయి కాబట్టి లెక్క ఇంకా పెరుగుతుంది. "రిలీజ్ రోజే ఎందుకొస్తుందో ఈ ఎర్రర్" అని బుర్ర గోక్కునేవాళ్ళకి జవాబు అక్కడుంది. పోనీ 1000 పెట్టేద్దాం అంటారా? పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్. మెమరీ ఎవరిస్తారు?

గిట్‌ల్యాబ్ కథ తెలుసు కదా. 2017 జనవరి 31. వాళ్ళ పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ 8000 పెట్టుకుని దాదాపు ఏడాది నడిపారు. ఆ రోజు వేరే సమస్య వెతుకుతూ రీస్టార్ట్ చేస్తే లేవనని మొండికేసింది. 2000కి తగ్గిస్తేగానీ లేవలేదు. ఆ తర్వాత కొద్దిసేపటికే, గాభరాలో, ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా చెరిపేశాడు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. బ్యాకప్పులు ఏవీ సరిగ్గా పనిచెయ్యట్లేదని కూడా అప్పుడే తెలిసింది. అయితే వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది. ఏ నిమిషంలో ఏం జరిగిందో లోకమంతా చదివేలా రాసి పెట్టారు. పరువేం పోలేదు, 2021లో నాస్‌డాక్‌లో లిస్ట్ అయ్యారు కూడా.

మన దగ్గర? 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకి కోవిన్‌లో 18 ఏళ్ళు దాటినవాళ్ళకి రిజిస్ట్రేషన్ తెరిచారు. తెరవగానే తడబడింది. తొలిరోజే కోటి మందికి పైగా నమోదయ్యారు, ఆ మేరకు అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ 4 గంటలకి ఏమైందయ్యా అంటే, అప్పటికప్పుడు వచ్చిన వివరణ చిన్న సాంకేతిక సమస్య, సరిచేశాం అని. ఏ సమస్య? ఎక్కడ? ఆ ఒక్క వాక్యం నుంచి తర్వాతి ఇంజనీరు ఏం నేర్చుకుంటాడు?

"క్లయింట్ టైమివ్వడు బాసూ, ఎస్‌ఎల్‌ఏ పదిహేను నిమిషాలు" అంటారు. ఒప్పుకుంటా. రీస్టార్ట్ చెయ్యొద్దని నేననట్లేదు. చేసే ముందు రెండు నిమిషాలు ఆగి ఒక థ్రెడ్ డంప్, మైఎస్‌క్యూఎల్ అయితే ప్రాసెస్‌లిస్ట్, పోస్ట్‌గ్రెస్ అయితే స్టాట్ యాక్టివిటీ తీసి దాచండి. ఎవరు కనెక్షన్ పట్టుకుని కూర్చున్నారో అందులోనే ఉంటుంది. అవేమీ తీయకుండా రీస్టార్ట్ కొట్టడమంటే పోలీసులు రాకముందే ఇల్లు కడిగేసినట్టు.

అసలు రోగం ఇంకోచోట ఉంది. అర్ధరాత్రి లేచి సర్వర్ లేపినవాడికి 'గ్రేట్ జాబ్' మెయిల్, మేనేజర్ సీసీలో. లీక్ కనిపెట్టి నాలుగు లైన్లు మార్చి, ఆ అర్ధరాత్రి కాల్ అసలు రాకుండా చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అప్రైజల్‌లో మంటలార్పేవాడికే మార్కులు వేస్తే మంటలే వస్తాయి మరి.

1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లొచ్చినప్పుడు, రోజుల పని గంటలో అవుతుందన్నారు. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు, 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో మన మిత్ర. సంతోషమే. కానీ ఒక్కో పని ఆన్‌లైన్‌కి వెళ్తున్నకొద్దీ కాగితం దారి మూసుకుపోతోంది. ఇదివరకు గుమాస్తా చేత్తోనైనా రాసేవాడు. ఇప్పుడు మన పూల్‌లో పదకొండో వాడైతే ఆ మనిషికి ఆ రోజు కూలీ పోయినట్టే, బస్సు ఛార్జీలు అదనం. ఫీజు కట్టాక ఎర్రరొస్తే, డబ్బులు వెళ్ళాయో లేదో, అప్లికేషన్ నమోదైందో లేదో కూడా తెలియదు. కనీసం ఆ రెండు ముక్కలు తెరమీద చెప్పాల్సిన బాధ్యత మనది కాదా?

చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లారకముందే లేచి రోజూ రోడ్లు ఊడుస్తున్నారు. మంత్రిగారు వచ్చే ముందు రోజు మాత్రమే కాదు, రోజూ! మనకి చీపురు కూడా అక్కర్లేదు. పొద్దున్న కాఫీ తాగుతూ పూల్ గ్రాఫ్ ఒకసారి చూడటం, లీక్ డిటెక్షన్ ఆన్ చేసుకోవడం, అంతే.

అందుకని ఈసారి ఎవరైనా "రూట్ కాజ్: సర్వర్ రీస్టార్టెడ్" అని రాసి పంపితే ఆ టికెట్ మళ్ళీ తెరవండి. రీస్టార్ట్ మనం చేసిన పని, కారణం కాదు. ఏ తూము తెరిచుందో రాసేదాకా క్లోజ్ చెయ్యనివ్వకండి. ఏమంటారు?