నవ్వింది ఎవరిని చూసి?

పుస్తకం పాతది. ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట సగం ఊడిపోయింది. మొదటి పేజీ మీద ఎవరో పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట రాసిపెట్టారు... ‘ఛీ’ అని. ఇంటికొచ్చి తిరగేస్తే, అదే చేతిరాత చివరి పేజీలోనూ కనిపించింది. అక్కడా ఒక్కటే మాట. ‘పాపం!’

ఎవరో తెలియదుగానీ, ఇంత క్లుప్తంగా సమీక్ష రాసినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఆ రెండు మాటల మధ్యనున్న నవల పేరు ‘ది క్వైర్‌బాయ్స్’. రాసింది జోసెఫ్ వాంబా. అచ్చయింది 1975లో. క్వైర్‌బాయ్స్ అంటే చర్చిలో కీర్తనలు పాడే పిల్లలు. నవల్లో వీళ్లు పిల్లలు కారు, పాడేది కీర్తనలూ కావు. లాస్ ఏంజెలెస్ నగరంలో విల్‌షైర్ స్టేషన్‌కు చెందిన పదిమంది పోలీసులు. రాత్రి డ్యూటీ దిగాక మెక్‌ఆర్థర్ పార్కులో చెరువు గట్టున చేరి తెల్లారేదాకా తాగుతారు. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘క్వైర్ ప్రాక్టీస్’. మన భాషలో చెప్పాలంటే... భజన!

పుస్తకం నచ్చితే నలుగురికీ ఇవ్వడం నాకున్న దురలవాటు. ఇది కూడా అలాగే చేతులు మారింది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక్కో అభిప్రాయం మోసుకొచ్చింది.

మొదట తీసుకెళ్లింది మా ఆఫీసులో క్రైమ్ వార్తలు రాసే మిత్రుడు. రెండు రోజుల్లో తెచ్చిచ్చాడు. ‘కడుపు చెక్కలయ్యేలా నవ్వా’ అన్నాడు. నవ్వడా మరి! ‘తిమింగలం’ అని పిలిపించుకునే భారీకాయం వేలెన్, పెన్షన్ కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. తాగితే ప్రసంగాలు మొదలెట్టే బక్కప్రాణి ‘ఫాదర్’ విల్లీ. మెక్సికన్ల పేటలో పెరిగిన జపాన్ సంతతి కుర్రాడు తనగూచి, స్టేషన్లో ఎవరినీ వదలని ఆకతాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం.

రెండో వ్యక్తి డెస్కులో పనిచేసే సీనియర్. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగిన మనిషి. ‘అంతా బాగానే ఉంది. కథేదీ? హంతకుడేడీ? పట్టుకునేదెవరు?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇందులో పరిశోధన లేదు. పార్కులో ఒక చావు జరిగిందని మొదట్లోనే తెలిసిపోతుంది. పై అధికారులు కంగారుపడుతుంటారు... పోయిన ప్రాణం గురించి కాదు, పత్రికల్లో ఏమొస్తుందోనని! అక్కడి నుంచి కథ వెనక్కి వెళ్తుంది. పోలీసులు కేసుల్ని ఎలా ఛేదిస్తారన్నది కాదు, కేసులు పోలీసుల్ని ఏం చేస్తాయన్నదే తనకు ముఖ్యమని వాంబా చాలాసార్లు చెప్పుకున్నాడు.

మూడో మనిషి మా ఫీచర్స్ సహోద్యోగి. వంద పేజీల దగ్గర ఆపేసింది. ‘ఆడవాళ్లను చూస్తే వెకిలితనం, నల్లవాళ్లను చూస్తే వెటకారం. ఆ రాస్కో రూల్స్ అనేవాడి జోకులు నేనెందుకు భరించాలి?’ అంది. రాస్కో ఆ పదిమందిలోకెల్లా క్రూరుడు. అతని నోట్లోంచి వచ్చేదంతా విషమే. మొదటి పేజీలోని ‘ఛీ’ బహుశా అతని కోసమే అయి ఉంటుంది.

చివర్లో ఆ ‘పాపం’ ఎందుకో తెలియాలంటే వాంబా సంగతి కొంచెం తెలియాలి.

ఆయన తండ్రీ పోలీసే. తనూ 1960లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చేరాడు. సార్జెంట్ అయ్యాడు. ఉద్యోగంలో ఉంటూనే 1971లో ‘ది న్యూ సెంచూరియన్స్’ రాశాడు. పేరొచ్చింది, దాంతోపాటే చిక్కూ వచ్చింది. అరెస్టు చేసినవాళ్లే ఆటోగ్రాఫ్ అడగడం మొదలెట్టారు! 1974లో ఉద్యోగం మానేశాడు.

అంతకుముందే, 1973లో ‘ది ఆనియన్ ఫీల్డ్’ రాశాడు. అది నవల కాదు, జరిగిన కథ. 1963 మార్చిలో ఇద్దరు దొంగలు ఇద్దరు పోలీసులను తుపాకీ చూపించి కారులో ఎత్తుకుపోయారు. బేకర్స్‌ఫీల్డ్ సమీపంలో ఉల్లితోట దగ్గర ఇయాన్ కాంప్‌బెల్‌ను కాల్చి చంపారు. కార్ల్ హెటింగర్ చీకట్లో పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నాడు. ఆ తర్వాత శాఖ ఏం చేసింది? ఓదార్చలేదు. ఎట్టి పరిస్థితుల్లోనూ తుపాకీ అప్పగించకూడదని సర్క్యులర్ తీసింది. జరిగిందంతా తోటి పోలీసుల ముందు నిలబడి చెప్పమంది. బతికి రావడమే తప్పన్నట్టు ఆ మనిషి కుంగిపోయాడు. చివరికి చిల్లర దొంగతనాల దాకా దిగజారి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఆ కథ అచ్చయిన రెండేళ్లకు ‘క్వైర్‌బాయ్స్’ వచ్చింది. గాయం అదే. ఈసారి నవ్వుతూ చూపించాడు. జోసెఫ్ హెల్లర్ యుద్ధం మీద రాసిన ‘క్యాచ్-22’తో విమర్శకులు దీన్ని పోల్చింది అందుకే. సగం దాటాక నవ్వు పలచబడుతుంది. పదిమందిలో బాగా చదువుకున్నవాడు, మృదువైనవాడు బ్యాక్స్‌టర్ స్లేట్. తాను కాపాడలేకపోయిన ఓ పసివాడిని మనసులో మోస్తూ తిరుగుతాడు. ఒకరోజు తన ప్రాణం తనే తీసుకుంటాడు. మొదటి పేజీల్లో వియత్నాం యుద్ధకాలపు గుహ ఒకటి వస్తుంది. చదివి మరిచిపోతాం. చివర్లో ఆ గుహే తిరిగొచ్చి ఒక ప్రాణం తీస్తుంది.

నాలుగో పాఠకుడు మా పై వాటాలో ఉండే రిటైర్డ్ ఎస్సై గారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల్లాళ్లు చదివారు. ‘నవ్వొచ్చిందా సార్?’ అని అడిగాను.

‘లేదమ్మా’ అన్నారు. కాసేపాగి, ‘మేమూ ఇలాగే నవ్వుకునేవాళ్లం. శవ పంచనామా రాసొచ్చిన రోజున ఎవరో ఒకరు ఏదో ఒక వెధవ జోకు వేయాల్సిందే. లేకపోతే అన్నం దిగేది కాదు. ఇంట్లో చెప్పుకోలేం కదా!’ అన్నారు.

అప్పటికి నాకు పుస్తకం పూర్తిగా అర్థమైపోయిందనుకున్నాను. ఆ వెకిలి నవ్వు ఒక మందు. ఆ తాగుడు ఒక ఆస్పత్రి. ‘ఛీ’ నుంచి ‘పాపం’ దాకా ప్రయాణమే ఈ నవల... ఇలా ఓ వ్యాసం కూడా మనసులో రాసేసుకున్నాను.

ఐదో పాఠకురాలు దాన్ని చెడగొట్టింది. ఆమె క్రిమినల్ కేసులు వాదించే లాయరు, నా స్నేహితురాలు. పుస్తకం తిరిగిస్తూ ఒకే ప్రశ్న వేసింది. ‘చివర్లో చనిపోయే కుర్రాడి పేరేమిటి?’

నోరు మెదపలేకపోయాను. పదిమంది పోలీసుల పేర్లూ, వాళ్ల ముద్దుపేర్లూ, ఎవరు ఎవరితో బండెక్కుతారో కూడా చెప్పగలను. రాత్రిపూట పార్కులో తిరుగుతూ, ఎవరికీ ఏ హానీ చేయని కుర్రాడు. పోలీసు తూటాకు పోతాడు. అతని పేరు నాకు గుర్తులేదు. ఆఫీసులో అడిగాను. క్రైమ్ మిత్రుడికీ గుర్తులేదు, సీనియర్‌కూ గుర్తులేదు.

‘చూశావా!’ అంది స్నేహితురాలు. ‘నవ్వు వాళ్లకు మందే, కాదనను. కానీ ఆ మందు చీటీ ఎవరి వీపు మీద పెట్టి రాస్తున్నారు?’

ఆమె మాటలో బలముంది. 1991 మార్చిలో అదే నగరంలో రాడ్నీ కింగ్‌ను పోలీసులు లాఠీలతో చితకబాదుతుంటే ఒక పౌరుడు వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది. 1992 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పులో ఎవరికీ శిక్ష పడకపోయేసరికి నగరం భగ్గుమంది. 50 మందికి పైగా చనిపోయారు. (మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టులో ఇద్దరు దోషులుగా తేలారు.) ఆ వీడియో చూశాక రాస్కో రూల్స్‌ను చదవడం, 1975లో చదవడం ఒకటి కావు. అప్పుడతను ఒక హాస్యపాత్ర. ఇప్పుడు ఒక హెచ్చరిక. పుస్తకంలో అక్షరం మారలేదు, మారింది చదివేవాళ్లే.

వాంబా మాత్రం చివరిదాకా పోలీసుల పక్షమే. చాలా ఏళ్ల తర్వాత 2006లో ‘హాలీవుడ్ స్టేషన్’తో మళ్లీ అదే శాఖ దగ్గరికి వచ్చాడు. అదీ నవ్వించే నవలే. పోలీసుల మీద కోర్టు పెట్టిన పర్యవేక్షణ వాళ్ల కాళ్లకు బంధాలు వేసిందన్న విసుగు అందులో కనిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో, 88వ ఏట కన్నుమూశాడు. అలాగని ‘క్వైర్‌బాయ్స్’ను పోలీసుల భజన అనలేం. 1977లో రాబర్ట్ ఆల్డ్రిచ్ దీన్ని సినిమాగా తీస్తే, నవలను పాడుచేశారని మండిపడి తన పేరు తీయించుకున్నాడు. కేవలం వెకిలి నవ్వే తన ఉద్దేశమైతే అంత బాధపడాల్సిన పనేముంది?

లాయరు ప్రశ్నను పై వాటా ఎస్సై గారి దగ్గరికి తీసుకెళ్లాను. పేరు ఆయనకూ గుర్తులేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు... ‘పంచనామాలో మొదట రాసేది పోయినవాడి పేరేనమ్మా. ఇదెలా మరిచిపోయాను?’

పుస్తకం మళ్లీ అడిగి తీసుకున్నారు. ఈసారి నాలుగు రోజుల్లోనే ఇచ్చేశారు. తెరిచి చూస్తే చివరి పేజీలో, ‘పాపం’ అన్న మాట కింద, వణికే చేత్తో ఇంగ్లీషులో ఒక పేరు రాసి ఉంది. పోలీసు స్టేషన్లో రాసినట్టే, ఇంటిపేరుతో సహా.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పుస్తకం దొరికితే చదవండి. నవ్వొస్తే నవ్వండి, ఛీ అనిపిస్తే అనండి. మూసేముందు మాత్రం ఆ పేరేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి.