ఆటగంట నెవరు హరించిరి?

ఏటేట ఆగస్టు 29వ తేదీ రాగానే మన పాఠశాలలకు ఒక్కసారిగా దేహము జ్ఞప్తికి వచ్చును. హాకీ మాంత్రికుడని పేరుగన్న ధ్యాన్‌చంద్ 1905లో జన్మించినది ఆనాడే. అందుచే అది జాతీయ క్రీడాదినము. ఆయన చిత్రపటమునకు పూలమాల వేయుదురు. ప్రధానోపాధ్యాయులు ఆరోగ్యమే మహాభాగ్యమని ఉపన్యసింతురు. పిల్లలు ఎండలో వరుసలు దీరి నిలిచి, చప్పట్లు చరచి, మిఠాయి తిని ఇండ్లకు పోవుదురు. మరునాడు కాలపట్టికలో ఆటలు అని వ్రాసియున్న గంటకు గణితోపాధ్యాయుడు నల్లబల్ల తుడుచుకొనుచు ప్రవేశించును. ధ్యాన్‌చంద్ మరుసటి యేటివరకు గోడమీదనే యుండును.

గణితోపాధ్యాయుని మేము దూషింపబోము. సంవత్సరాంతమున ఆయనను నిలువదీసి అడుగువారు మార్కులనే అడుగుదురు గాని, మీ తరగతిలో ఎందరు పిల్లలు ఆయాసపడకుండ నాలుగువందల గజములు పరుగెత్తగలరని అడిగినవారిని మేమింతవరకు చూచియుండలేదు. పదవతరగతి ఫలితములు వెలువడిననాడు పిల్లల ముఖములు మార్కులతోసహా కూడళ్లలో నిలువెత్తు బొమ్మలై వెలయును. వీపు వంగి, కంటికి అద్దములు వచ్చి, నాలుగు మెట్లెక్కుటకే రొప్పు బిడ్డడైనను బొమ్మలో చక్కగానే కనబడును. అడుగువాడు లేని గంటను అక్కరగలవాడు తీసికొనుట లోకసహజము. కావున తప్పు దానిని తీసికొన్నవానిది కాదు, దిక్కులేనిదానిగా విడిచినవారిది. వారెవరో విచారింపవలసియున్నది.

మొదట శాసనమును చూతము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవరకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు గావించినది. పాఠశాలకు ఏమేమి యుండవలెనో ఆ చట్టపు అనుబంధమున వ్రాసిరి. త్రాగునీరు, మరుగుదొడ్లు, వంటశాల, ప్రహరీ, వానితోబాటు ఆటస్థలము. ఆటవస్తువులును సమకూర్పవలెనని యున్నది. చదువుటకు సంతోషముగానే యున్నది. అయితే ఆడించువాని మాట వచ్చునప్పటికి చట్టము గొంతు తగ్గించినది. ఆరు మొదలు ఎనిమిదివరకు గల తరగతులలో నూరుమందికి మించి పిల్లలున్నచోటనే ఆరోగ్య వ్యాయామ విద్యకొక బోధకుడు. అతడును పూర్తికాలపువాడు కాడు. కళలకును, పనివిద్యకును చెప్పిన చోటనే ఇతనినిగూర్చియు చెప్పి ముగించిరి. ఒకటి మొదలు ఐదువరకు గల చిన్నపిల్లలకు ఆపాటి మాటయు లేదు. నూరు దాటని పల్లెబడికి అసలే లేదు. అట్టి బడులెన్ని గలవో తెలియుటకు చదువరులు తమ స్వగ్రామమును, దాని చుట్టుపట్ల నున్న నాలుగు గ్రామములను తలచుకొనిన చాలును. బావి త్రవ్వించి చేద నీయని చందముగా, నేల చూపిరి గాని నేర్పువానిని చూపలేదు.

ఇంకొక విచిత్రము. ఆ చట్టము పదునాలుగవ యేట, అనగా ఎనిమిదవ తరగతితో ఆగిపోవును. దేహము సాగి, ఎముక గట్టిపడి, గుండె బలము కూడగట్టుకొను యేండ్లు అటుపిమ్మటనే గలవు. సరిగా ఆ యేండ్లలోనే మన పిల్లలకు ఆట నిషిద్ధమగుచున్నది. విజయవాడలోను హైదరాబాదులోను ఇంటరు కళాశాలలను చూచినవారికి మేము వర్ణింప నక్కరలేదు. అంగళ్లపైని అంతస్తులలో కళాశాల; ప్రక్కసందులో వసతిగృహము; తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి ప్రొద్దుపోవువరకు బల్లయే బిడ్డకు లోకము. నడకయన్నది భోజనశాలకును తరగతికిని నడుమ మాత్రమే. ఆదివారమునాడు పరీక్ష. మా కార్యాలయమునకు వచ్చిన ఒక తండ్రి, తన కుమారుని చేర్పించునపుడు మైదానమెక్కడనని అడుగగా, అచ్చటివారు మేడమీది డాబాను చూపి, పిల్లలు పడిపోవుదురేమోయని దానికి తాళము వేసియుంచుదుమని చెప్పిరట. ఆ తండ్రి నవ్వుచునే చెప్పెను. మేమును నవ్వితిమి. అటుపిమ్మట చాలసేపు ఎవరికిని మాట రాలేదు. కుమారుని అచ్చటనే చేర్పించితినని ఆయన పోవుచు చెప్పెను.

అట్టి గదులలో నిద్రయు నెండయు కరవై, మనసు విరిగి, ప్రాణములే తీసికొన్న బిడ్డల వార్తలను మనము ఏటేట చదువుచున్నాము. కారణములు అనేకములు. ఒక్క ఆటగంటతో అన్నియు తీరునని మేము చెప్పుట లేదు. కాని మనస్సునకు ఊపిరి సలుపు దారి యొక్కటియు లేనిచోట బిడ్డలను పెట్టినది మనమే. రుసుము కట్టి మరి పెట్టినది మనమే.

ఐదేండ్లనుండి పదునేడేండ్లవరకు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములైనను గుండెకు పని కల్పించునంతటి దేహపరిశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. ఆ సంస్థ పరిశోధకులే 146 దేశముల లెక్కలు కూర్చి 2019లో ప్రకటించినదానినిబట్టి, పదునొకండు మొదలు పదునేడేండ్లవరకు గలవారిలో నూటికి 81 మంది ఆపాటి పరిశ్రమకు నోచుకొనలేదు. బాలురలో 78, బాలికలలో 85. లోకమంతటను ఇట్లే యున్నది గదా యని ఊరడిల్లుటకు మేమీ లెక్క చెప్పలేదు. మైదానముండియు బిడ్డ ఆడకపోవుట వేరు, ఆడుదునని యేడ్చు బిడ్డకు నేల లేకపోవుట వేరు.

వ్యాయామోపాధ్యాయుడనిన మనకెంత చులకన! డ్రిల్లు మాష్టరనగా ఈల యూదువాడు, వరుస తప్పినవానిని గద్దించువాడు, మరియొక ఉపాధ్యాయుడు సెలవు పెట్టినచో ఆ తరగతిని కాచువాడు, మంత్రిగారు వచ్చిననాడు పిల్లలను దారిప్రక్క నిలువబెట్టువాడు. వ్యాయామవిద్యకు ప్రత్యేకశిక్షణ కావలెనని గుర్తించి మద్రాసులో వై.యం.సి.ఏ. వారు కళాశాల నెలకొల్పినది 1920లో. నూరేండ్లు దాటినను మన భావము ఈల దాటి పోలేదు. కలియుగ భీముడని దేశమంతయు కొనియాడిన కోడి రామమూర్తినాయుడుగారు ఎవరు? శ్రీకాకుళసీమలోని వీరఘట్టమున బుట్టి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామము నేర్పినవారు. 1942లో కీర్తిశేషులైన ఆయన రొమ్ముపై ఏనుగును నిలుపుకొనెననియు, ఉక్కుగొలుసులు త్రెంచెననియు తాతలు చెప్పగా మనుమలు విందురు. డ్రిల్లు మాష్టరుగా నుండెనన్న సంగతి మాత్రము ఎవరును చెప్పరు.

హైదరాబాదునకు పోదము. సయ్యద్ అబ్దుల్ రహీముగారు అచ్చటి పాఠశాలలలో ఉపాధ్యాయులు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటలను చూచుకొనినవారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాలు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకములు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరినది. 1963లో ఆయన కన్నుమూసెను. ఆ బంగారము మరల మన ఫుట్‌బాలు జట్టునకు దక్కలేదు. ఒక బడిపంతులు తరువాత అట్టి బడిపంతుళ్లను మనము తయారుచేసికొనకపోవుటయే దీనికి కారణమని తేల్చి చెప్పుటకు మేము సాహసింపము. ఆ యనుమానము మాత్రము మమ్ము విడువదు.

పతకముల మాట వచ్చినది కావున చెప్పవలెను. ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతమహిళ యైనది. పి.వి. సింధు 2016లో రియోలో వెండి పతకమును, 2021లో టోక్యోలో కంచు పతకమును తెచ్చినది. వారిని ఊరేగించితిమి, బహుమానములిచ్చితిమి. తగును. హకీంపేటలోని క్రీడాపాఠశాలవంటివానిలో చురుకైనవారిని చిన్ననాటనే యేరి తీర్చిదిద్దుటయు మంచిదే. అయితే బడి ఆటగంట మెరికల నేరు జల్లెడ కాదు. జట్లు పంచుకొనునపుడు చిట్టచివర మిగిలిపోవు లావుపాటి పిల్లవాడున్నాడు. ఒక కాలు సాగని పిల్ల యున్నది. రెండడుగులు పరుగెత్తగానే పొట్ట పట్టుకొని కూర్చుండువాడున్నాడు. ఆ గంట వారిది. పోటీలకు పదునొకండుగురిని సిద్ధపరచి, తక్కిన నాలుగువందలమందిని చప్పట్లు కొట్టుటకు గట్టున నిలుపుట వ్యాయామవిద్య యనిపించుకొనదు. మంచి వ్యాయామోపాధ్యాయుని పని కప్పులు నింపిన బీరువాలో కనబడదు. జూన్ నెలలో పది అంగలు వేయలేని పిల్లవాడు మార్చినాటికి మైదానము చుట్టివచ్చుటలో కనబడును.

బాలికల స్థితి మరియు చింతనీయము. పండ్రెండేండ్లు నిండగానే తల్లి ఇక చాలునని పలుకును. బడిలో స్త్రీ వ్యాయామోపాధ్యాయిని యుండదు. బట్టలు మార్చుకొను గది యుండదు. మైదానమున మగపిల్లల క్రికెట్టు సాగుచుండును. పిల్లకు శక్తి లేదని పిమ్మట తీర్పు. ఈ తీర్పునకు సమాధానముగా నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణను చూపవచ్చును. సాంఘికసంక్షేమ గురుకులములో చదువుకొనుచున్న ఆ గిరిజనబాలిక, భువనగిరి బండలపై ఎక్కుట నేర్చి, పదునాలుగేండ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. ఆమె తలిదండ్రులు వ్యవసాయకూలీలు. ప్రభుత్వపు బడి ఆమెను అడిగినది, ఆడించినది, వెన్ను తట్టినది. ఆపని ఒక్క పూర్ణకు జరిగినదనుట మనకెంత గౌరవమో, జరుగనివారెందరో యనుకొనుట అంత వ్యథ.

నిధులు లేవందురు. చెడుగుడుకు నిధులెందుకు? గీత గీయుటకు ముగ్గుపిండి చాలును. ఈ యాటనే 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిను ఒలింపిక్సు వేళ ప్రదర్శించిరి (మన అమరావతి గాదు, విదర్భలోనిది). 1990లో బీజింగు ఆసియా క్రీడలలో దానికి పతకముల గౌరవము కలిగినది. నేడు టెలివిజనులో కోట్లు కురిపించుచున్నది. కోకో, బిళ్లంగోడు, కర్రసాము, దండీలు, బస్కీలు, ఇవి ఏ అంగడిలోను కొనవలసినవి కావు. కాని నేల లేనిచో చెడుగుడైనను సాగదు. ఉన్న నేలను మనమేమి చేయుచున్నాము? ఒకప్రక్క సంత, ఒకప్రక్క బండ్లు నిలుపుచోటు, ఎన్నికలవేళ బహిరంగసభ, పెండ్లిండ్లవేళ పందిళ్లు. పందిరిగుంజలకు త్రవ్విన గుంటలలో పడి కాలు విరుగగొట్టుకొన్న పిల్లవాడే ఆ మైదానమున ఆడినవాడు!

కావున ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. మైదానము చూపని ప్రైవేటు బడికిని, కళాశాలకును గుర్తింపు నీయవలదు. కాగితముపై చూపినచో ఒక అధికారి పోయి కాళ్లతో కొలిచి రావలెను. చిన్న బడులు నాలుగైదింటికి కలిపియైనను ఒక పూర్తికాలపు వ్యాయామోపాధ్యాయుని నియమింపవలెను. ప్రభుత్వపాఠశాలల మైదానములను సాయంత్రము తాళము తీసి ఆ వీథి పిల్లలకు విడువవలెను. ఇంటరు విద్యార్థికి దినమున కొకగంట ఎండ తగులునట్లు నిబంధన చేయవలెను. మిగిలినది తలిదండ్రుల చేతిలో నున్నది. వారు చేర్పించునపుడు ర్యాంకు లెన్నియని అడుగుట మానరు. దానితోబాటు తాళపుచెవి ఎవరియొద్ద నున్నదనియు అడుగవచ్చును.

ఈ పుటను పఠనమందిరములలో చదువు పెద్దలకు ఒక మనవి. వచ్చువారమున ఒకనాడు మీ వీథిబడికి పోయి కాలపట్టిక నడిగి చూడుడు. ఆటగంట యెప్పుడో తెలిసికొని, మరియొకనాడు ఆ వేళకే పోవుడు. ముందుగా చెప్పి పోవలదు. చెప్పితిరేని పిల్లలు ఎండలో వరుసలు దీరి మీకై నిలిచియుందురు. మీరు చూచినది మాకు వ్రాసిపంపుడు. బడి పేరు తెలుపకుండ ఈ పుటలోనే ప్రచురింతుము.