రైబోజోమ్‌ను ఆపే మందు ఇంకేం ఆపుతోంది?

1963లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లూయిస్ ఫ్లెక్స్‌నర్, జోసెఫా ఫ్లెక్స్‌నర్, ఎలియట్ స్టెల్లర్ చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. వై ఆకారంలో చీలిన దారిలో ఎటు తిరగాలో వాటికి ముందుగా నేర్పారు. తర్వాత వాటి మెదడులోకి ప్యూరోమైసిన్ అనే మందు ఎక్కించారు. ఎలుకలు నేర్చుకున్నది మరిచిపోయాయి. ప్యూరోమైసిన్ కణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. కాబట్టి జ్ఞాపకం నిలవాలంటే కొత్త ప్రోటీన్లు తయారవ్వాలన్న మాట చాలామందికి నచ్చింది. తర్కం సూటిగా ఉంది మరి.

తిరకాసు తర్వాత బయటపడింది. అదే బృందం ఎసిటాక్సీసైక్లోహెక్సిమైడ్ అనే మరో మందు వాడి చూసింది. అదీ ప్రోటీన్ల తయారీని గట్టిగానే ఆపింది, కానీ ఎలుకల జ్ఞాపకం చెక్కుచెదరలేదు. 1967లో ఇంకో వింత జరిగింది. ప్యూరోమైసిన్ తీసుకుని అంతా మరిచిపోయిన ఎలుకల మెదడులోకి ఒట్టి ఉప్పునీరు ఎక్కిస్తే, పోయిందనుకున్న జ్ఞాపకం తిరిగి వచ్చింది. నిజంగా చెరిగిపోయినదైతే ఉప్పునీటితో తిరిగి రాదు కదా!

దీనికి కారణం ప్యూరోమైసిన్ పనిచేసే తీరులోనే ఉంది. రైబోజోమ్ అమైనో ఆమ్లాలను ఒకదాని వెనుక ఒకటి చేర్చి ప్రోటీన్ గొలుసు అల్లుతుంది. ఒక్కో అమైనో ఆమ్లాన్నీ మోసుకొచ్చేది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. దాని కొసను అచ్చంగా పోలి ఉండే ప్యూరోమైసిన్ దొంగచాటుగా లోపలికి దూరి గొలుసుకు అతుక్కుంటుంది. గొలుసు ఇక పెరగదు, సగంలోనే ఊడిపోతుంది. అంటే ఈ మందు పడ్డ కణంలో కొత్త ప్రోటీన్లు లేకపోవడం ఒక్కటే కాదు, తోక తగిలించుకున్న అరకొర ముక్కలు పోగుపడటమూ ఉంటుంది. మతిమరుపుకు ఆ ముక్కలే కారణమై ఉండొచ్చని ఫ్లెక్స్‌నర్లే అనుమానించారు. ప్యూరోమైసిన్ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో విద్యుత్ సంకేతాలను అస్తవ్యస్తం చేస్తుందని, సైక్లోహెక్సిమైడ్ అలా చేయదని 1966లోనే మరో బృందం చూపింది.

ఈ కథ తరగతి గదుల్లో పెద్దగా వినిపించదు. జీవశాస్త్రం చదివే విద్యార్థి నిరోధకాలను ఒక పట్టికగా బట్టీ పడతాడు. టెట్రాసైక్లిన్ ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏను రైబోజోమ్‌లో కూర్చోనివ్వదు, సైక్లోహెక్సిమైడ్ రైబోజోమ్‌ను ముందుకు కదలనివ్వదు, ఇలా. పోటీ పరీక్షకు అది చాలు. పరిశోధనకు చాలదు. ఆ మందు ఇంకేం చేస్తుంది, ఎంత మోతాదులో, ఎన్ని నిమిషాల్లో అన్న వరుస ఆ పట్టికలో ఉండదు.

నిరోధకాలు పనికిరావని కాదు. ఈ రంగం నిలబడిందే వాటి మీద. క్లోరాంఫెనికాల్ బ్యాక్టీరియా రైబోజోమ్‌నూ, దాన్ని పోలిన మైటోకాండ్రియా రైబోజోమ్‌నూ ఆపుతుంది. సైక్లోహెక్సిమైడ్ కణద్రవ్యంలోని రైబోజోమ్‌ను ఆపుతుంది. ఈ రెండింటినీ మార్చి మార్చి వాడే, ఏ ప్రోటీన్ ఎక్కడ తయారవుతుందో శాస్త్రవేత్తలు విడదీయగలిగారు. చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ బృందం 2000లో బ్యాక్టీరియా రైబోజోమ్ చిన్న భాగానికి స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు ఎక్కడ అతుక్కుంటాయో పరమాణువుల స్థాయిలో చూపింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ 1948లో వెలువరించిన ఆరియోమైసిన్ కూడా ఇలా ప్రోటీన్ల తయారీని అడ్డుకునే మందే. చిక్కల్లా మందు చెప్పినదాన్ని కణం చెప్పినట్టు రాసుకోవడంలోనే ఉంది.

అరవై ఏళ్ల కిందటి పొరపాటని దీన్ని పక్కన పెట్టడానికీ లేదు. 2009లో వచ్చిన రైబోజోమ్ ప్రొఫైలింగ్ అనే పద్ధతి, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్‌లు ఏ క్షణాన ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీస్తుంది. వాటిని ఉన్నచోటే నిలపడానికి చాలామంది ముందుగా సైక్లోహెక్సిమైడ్ వేసేవారు. అయితే ఆ మందు దారిలో ఉన్న రైబోజోమ్‌లను ఆపుతుంది గానీ, కొత్తవి దారి మొదట్లో ఎక్కకుండా ఆపలేదు. గేటు ముందు లారీలు నిలిచిపోయినట్టు మొదట్లో గుంపు పేరుకుంటుంది. ఒత్తిడిలో ఉన్న ఈస్ట్ కణాల్లో కనిపించిన అలాంటి గుంపులను కణం తనను తాను నియంత్రించుకునే తీరుగా భావించారు. వాటిలో కొంత మందు వల్లనే వచ్చిందని 2014లో తేలింది. ఇప్పుడు చాలా ప్రయోగశాలలు మందు వేయకుండా కణాలను ఒక్కసారిగా గడ్డకట్టించి ఈ లెక్క తీస్తున్నాయి.

ప్యూరోమైసిన్ కూడా మళ్లీ బోనెక్కింది. అది తగిలిన గొలుసులను గుర్తుపట్టి, కణంలో ఏ మూల ప్రోటీన్లు తయారవుతున్నాయో పటం గీసే పద్ధతి ఒకటుంది. ఊడిన ముక్కలు కదలకుండా ఉండేందుకు ఎమెటిన్ వంటి మరో నిరోధకాన్ని తోడు వేస్తారు. ఎమెటిన్ మన దేశానికి పాత పరిచయమే. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ అమీబా విరేచనాలకు దాన్ని ఇంజెక్షన్‌గా వాడారు. ఈ తోడు మందు ఉన్నా ముక్కలు రైబోజోమ్‌ను వదిలి వెళ్లిపోతున్నాయని 2020లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. ప్రోటీన్ల తయారీ ఎంత జోరుగా సాగుతోందో కొలవడానికి ప్యూరోమైసిన్ ఇప్పటికీ పనికొస్తుంది. ఎక్కడ సాగుతోందో చెప్పడానికి మాత్రం దాని ఒక్కదాని సాక్ష్యం చాలదు.

నిరోధకం చవక, నిమిషాల్లో పనిచేస్తుంది. తక్కువ నిధులతో నడిచే ప్రయోగశాలకు అది ఎంత పెద్ద ఆసరానో తెలిసిందే. అయినా రైబోజోమ్‌ను మరో చోట పట్టే రెండో మందుతో అదే ఫలితం వచ్చిందా అని అడగడం అత్యాశ కాదు. మందు లేకుండా ఒక్కసారైనా చూశారా అని సమీక్షకులు అడగాలి, పర్యవేక్షకులు అడగాలి, ఆ వార్త రాసే విలేకరి కూడా అడగాలి. జ్ఞాపకం సంగతే చూస్తే, దీర్ఘకాల జ్ఞాపకానికి కొత్త ప్రోటీన్లు అవసరమన్న మాటకు తర్వాత ఎన్నో వైపుల నుంచి బలం చేరింది. కానీ ఆ పరిశోధనల్లో విరివిగా వాడిన అనిసోమైసిన్ కణంలో ఒత్తిడి సంకేతాలను కూడా రేపుతుంది. అందుకే ఎలుక మరిచిపోయింది ప్రోటీన్ లేకనా, మందు పెట్టిన బాధ వల్లనా అన్న ప్రశ్నను కొందరు ఇప్పటికీ వదల్లేదు.