చరణం లేని పాట

రీమిక్స్ అన్న మాట వినగానే తెలుగు ఉపాధ్యాయులలో పలువురు ముఖం చిట్లిస్తారు. నేను ఆ వర్గంలో చేరను. ఒక వరుసకు వేరొక పదం కట్టుకోవడం మన భజన మండళ్ళకు అనాదిగా ఉన్న అలవాటే. 1992లో ‘ఘరానా మొగుడు’ చిత్రానికి ‘బంగారు కోడిపెట్ట’ పాటను స్వరపరచిన కీరవాణి గారే 2009లో ‘మగధీర’ కోసం దానిని కొత్త హంగులతో మళ్ళీ అందించారు. అందులో అపరాధమేమున్నది?

నా అభ్యంతరమంతా మాట విషయంలోనే. చిత్రాలలోని రీమిక్సులలో సాధారణంగా గాయకుల మాట చెవికి అందుతుంది. పెళ్ళి ఊరేగింపులలోను, వినాయక నిమజ్జనాలలోను మ్రోగే డీజే మిక్సుల సంగతి వేరు. పల్లవిలో ఒక తునకను తెంచి, దానినే పదిమార్లు త్రిప్పి, క్రింద ఒకే తీరు దెబ్బను పరచి, చరణాలను నిశ్శబ్దంగా సాగనంపుతారు. పాటలో కవి చెప్పదలచినదంతా చరణాలలోనే కదా ఉండేది!

ఆంధ్ర, తెలంగాణలలోని పిల్లలకు ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. వారికి వీధినిండా తెలుగే. మా తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి మొదలు తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యభాగమైనది. తమిళం నేర్వడం మంచిదే, అది మనకు అన్నం పెట్టే భాష. అయితే తెలుగుకు దక్కే గంటలు తగ్గాయి. తెలుగు వాచకం తెరవని బాలుడు సైతం తెలుగు పాట వింటాడు. ఆ పాటలో కూడా మాట కరవైతే మనకు మిగిలేదేమిటి?

ఒక్క ఉదాహరణ చాలు. వేటూరి గారు రచించగా చక్రవర్తి గారు స్వరపరచిన ‘దేవత’ (1982) చిత్రంలోని గోదారమ్మ పాట 2019లో ‘గద్దలకొండ గణేష్’లో మళ్ళీ వచ్చింది. ‘గ్యాంగ్ లీడర్’ (1991)లోని వాన పాట 2012లో ‘రచ్చ’లో తిరిగి వినిపించింది. రెండింటి పల్లవిలోను ‘వెల్లువ’ ఉన్నది. పల్లెనోట అది ‘ఎల్లువ’. తమిళంలోని ‘వెళ్ళం’ దీనికి చుట్టమే. ఆ చుట్టరికం చెప్పిన మరుక్షణమే మా పిల్లలకు అర్థం పట్టుబడుతుంది. చెప్పనప్పుడు, డీజే దెబ్బల నడుమ పదేపదే వచ్చే వెల్లువ వారికి మాట కాదు, వట్టి మోత.

ఉచ్చారణ మరొక చిక్కు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. కనుక మా పిల్లలు వీటిని చెవితోనే వేరు చేసుకోవాలి. సుశీలమ్మ, బాలసుబ్రహ్మణ్యం గారల గొంతులలో ఈ భేదం అద్దంలో బింబంలా కనబడుతుంది. మూడు మాత్రల నడకలోని పదాన్ని నాలుగు దెబ్బల లయలోకి దింపినచో హ్రస్వాలు సాగుతాయి, దీర్ఘాలు కుంగుతాయి. ‘కల’ కాస్తా ‘కాల’ అయినదని పిల్లవానిని దండించి ఏమి లాభం?

రచనాధికార చట్టానికి 2012లో జరిగిన సవరణ, పాటను వేరొకరు తిరిగి రికార్డు చేసేటప్పుడు హక్కుదారు అనుమతి లేనిదే మాటలను, స్వరాన్ని మార్చరాదన్నది. సాంకేతికంగా తప్పనిసరియైన మార్పులకు మాత్రమే మినహాయింపు. ఊరేగింపు బండి వెంట పరుగెత్తి ఈ మాట చెప్పేవారెవరు? తల్లిదండ్రులకు నా మనవి చిన్నది. బిడ్డ రీమిక్స్ వింటుంటే ఆపకండి. అది ముగిశాక అసలు పాటను చరణాలతో సహా ఒక్కమారు వినిపించండి. ఉపాధ్యాయ మిత్రులు నెలకొక పిరియడు దీనికి కేటాయించవచ్చును.

నా ఎనిమిదవ తరగతిలో రెండు రూపాలనూ వినిపించి, కొత్తదానిలో రాలిపోయిన మాటల జాబితా వ్రాయిస్తున్నాను. గాయకులు, సంగీత దర్శకుడు, చిత్రం, రచయిత అని నాలుగు పేర్లు కూడా వ్రాయాలి. మొదటి మూడూ సెల్‌ఫోనులో త్వరగానే దొరుకుతున్నాయి. రచయిత పేరు కోసం మాత్రం చాలామంది ఇంటిలో అవ్వనో తాతనో అడిగి వస్తున్నారు.