తిమింగిలములకు భాష కలదా?

జంతువులను గూర్చి "నోరులేని జీవములు" అని మనము వాడుకగా ననుచుందుము. తిమింగిలముల విషయమున నీ మాట చెల్లదని నా యభిప్రాయము. అట్లని, వానికి మనవంటి భాషయే కలదని చాటువారితోను నేకీభవింపజాలను.

సముద్రమున వెలుతురు కొంతలోతునకే చొచ్చును. ధ్వనియన్ననో సెకండునకు సుమారు 1500 మీటర్లు, అనగా గాలిలోకంటె నాలుగింతలకు మించిన వేగముతో పోవును. కావున తిమింగిలమునకు చెవియే ముఖ్యము.

గూని తిమింగిలముల ధ్వనులు క్రమము దప్పక మరలమరల వచ్చు పాటలని 1971లో రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే అనువారు ప్రకటించిరి. ఆ పాటలు మారుచుండుట మరింత వింత. 1996లో ఆస్ట్రేలియా తూర్పుతీరమున రెండు తిమింగిలములు మాత్రమే పడమటితీరపు పాటను పాడుచు వినబడినవి. 1998 నాటికి అచ్చటి గాయకులన్నియు పాతపాటను విడిచి దానినే పట్టినవి. క్రొత్త పాటపై మోజు మన విద్యార్థులకే కాదు కాబోలు!

స్పెర్మ్ తిమింగిలములు పాడవు. టకటకమను చప్పుళ్లను లెక్కప్రకారము కూర్చి పలుకును. ఒక్కొక్క కూర్పునకు కోడా యని పేరు. తల్లులును పిల్లలును గల కుటుంబములు కొన్ని చేరి యొక తెగ యగును. పసిఫిక్ మహాసముద్రమున నొకేచోట తిరుగు తెగలు సైతము వేర్వేరు కోడాలను వాడునని 2003లో ల్యూక్ రెండెల్, హాల్ వైట్‌హెడ్ తెలిపిరి. పిల్లలు వీనిని పెద్దలవలన నేర్చుకొనును.

డొమినికా ద్వీపముచెంత సేకరింపబడిన 8700కు పైబడిన కోడాలను పరిశీలించి, 2024లో కొందరు శాస్త్రజ్ఞులు వానియందు 18 తాళములను, 5 వేగములను గుర్తించి, అదియొక ధ్వన్యక్షరమాల యనిరి. ఈ పేరు తొందరపాటని నాకు తోచుచున్నది. తెలుగు రానివాడును తెలుగు పుటలో నే యక్షర మెన్నిమారులు వచ్చినదో లెక్కింపగలడు. అర్థము మాత్రము వానికి దక్కదు.

తేనెటీగలను చూడుడు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ వివరించిన వాని నాట్యమునకు అర్థము తెలిసినదే: తేనెగల పూవు లే దిక్కున, నెంతదూరమున నున్నవో యది తెలుపును. కాని యది చాలవరకు పుట్టుకతో వచ్చిన విద్య. తిమింగిలముల పలుకునకు అర్థము మనకింకను చిక్కలేదు. అయినను అది పెద్దలనుండి పిన్నలకు వచ్చు విద్య. భాషయను పేరుకంటె నాకిదియే గొప్పగా గనబడుచున్నది.

ఇందుచేతనే వాని నష్టమును తలల లెక్కతో కొలువరాదు. ఇరువదవ శతాబ్దమున మనుష్యులు సుమారు 29 లక్షల తిమింగిలములను చంపిరి. ఒక తెగ నశించినచో దాని పలుకుబడియు నశించును. వర్తకమునకై చేయు వేట నాపవలెనని అంతర్జాతీయ తిమింగిల సంఘము 1982లో తీర్మానించినది. ఓడల రొద మాత్ర మాగలేదు. ఓడలు వేగము తగ్గించినచో రొదయు తగ్గును. సరకు కొంత యాలస్యముగా చేరుట మనము సహింపదగినదే. 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల తరువాత కెనడాయందలి ఫండీ అఖాతమున ఓడలు తగ్గి నీరు నెమ్మదింపగా, అచ్చటి రైట్ తిమింగిలముల దేహమున ఆందోళనను తెలుపు హార్మోనులును తగ్గినవని 2012లో ప్రకటింపబడినది.